గ్యాస్ కొట్టే శాస్త్రం

రోహిణి కార్తెలో కారు ఏసీ చల్లబడకపోతే కారణం ఒక్కటే: గ్యాస్ అయిపోయింది. బానెట్ ఎత్తక్కర్లేదు, ఏసీ ఆన్ చెయ్యక్కర్లేదు. బండి షెడ్డు వైపు మలుపు తిరుగుతుండగానే మెకానిక్ పసిగట్టేస్తాడు. "గ్యాస్ కొట్టాలి సార్." ఇంత వేగంగా జబ్బు తేల్చే విద్య పెద్ద ఆస్పత్రుల్లో కూడా లేదు.

అయిపోవడానికి అదేమన్నా పెట్రోలా? ఏసీలో ఉండే ఆర్-134ఎ ఖర్చయ్యే సరుకు కాదు. కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కి, అక్కణ్ణుంచి ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దాటి డాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్‌కి, మళ్లీ కంప్రెసర్‌కి, ఆ మూసిన గొట్టాల్లోనే తిరుగుతూ ఉంటుంది. చిన్న కార్లలో మొత్తం కలిపితే అరకిలో అటూ ఇటూ. రబ్బరు గొట్టాలూ, కంప్రెసర్ షాఫ్ట్ సీలూ ఉన్నాయి కాబట్టి ఏళ్ల తరబడి వాడాక కొంత తగ్గుతుంది, కాదనను. ఏటా వేసవికి తగ్గిపోతోందంటే మాత్రం అది లీకు. పంక్చర్ వెయ్యకుండా రోజూ గాలి కొట్టించుకునేవాణ్ణి చూసి నవ్వుతాం. ఏటా గ్యాస్ కొట్టించేవాణ్ణి చూసి "బండిని భలే మెయింటైన్ చేస్తాడండీ" అంటాం.

పాపం, కారు తన బాధ తను చెబుతూనే ఉంటుంది. హైవే మీద చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగితే వేడిగాలి కొడుతోందంటే ముందు అనుమానించాల్సింది కండెన్సర్ ఫ్యాన్‌ని. గాలి చల్లగానే ఉన్నా సన్నగా వస్తోందంటే గ్లౌబాక్సు వెనకున్న క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడాలి. ఊళ్లో దుమ్మంతా అక్కడే కాపురం ఉంటుంది. అరగంట బాగా నడిచి, తర్వాత గాలే ఆగిపోయిందంటే కాయిల్ మీద మంచు కట్టిందేమో, సెన్సార్ సంగతి చూడాలి. కంప్రెసర్ క్లచ్ అసలు పట్టడమే లేదంటే రిలేలు, ఫ్యూజులు, ప్రెషర్ స్విచ్ ఉన్నాయి. వీటన్నిటికీ మన షెడ్డులో ఒకటే మందు.

గేజ్ పెట్టి మరీ చూపించే ఘనులూ ఉన్నారు. అదీ ఇంజన్ ఆపి! 30 డిగ్రీల దగ్గర ఆ ముల్లు 97 పీఎస్ఐ దరిదాపుల్లో నిలబడుతుంది. లోపల ద్రవం మిగిలి ఉన్నంతసేపూ, వంద గ్రాములున్నా నాలుగు వందలున్నా అంకె అదే. ఇంజన్ నడుస్తుండగా, తక్కువ ఒత్తిడి వైపు చూపే నీలం గేజూ, ఎక్కువ ఒత్తిడి వైపు చూపే ఎర్ర గేజూ కలిపి చదవాలి. రెండూ తక్కువైతే గ్యాస్ మీద అనుమానం సబబే. నీలం ఎక్కువై ఎరుపు తక్కువైతే కంప్రెసర్ నీరసించింది. రెండూ ఎక్కువైతే ఫ్యాన్ తిరగట్లేదన్నా కావాలి, పోయినేడు అంచనాగా కొట్టిన గ్యాస్ మోతాదు మించిందన్నా కావాలి. మించితే చల్లదనం తగ్గుతుంది. దానికి విరుగుడు ఏమిటో ఊహించండి. అవును, ఇంకాస్త గ్యాస్.

ఇదివరకు కారు ఏసీల్లో వాడిన ఆర్-12 గ్యాస్ ఓజోన్ పొరను తింటోందని 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. దాని బదులు వచ్చిన 134ఎ, వాతావరణాన్ని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడుకి 1,400 రెట్ల పైమాట. అందుకని 2016లో కిగాలీలో మళ్లీ కూర్చున్నారు. మన షెడ్డులో వాల్వు నొక్కి పాత గ్యాస్‌ని 'పుస్స్' మని ఆకాశానికి అర్పించే కుర్రాడికి ఈ గొడవలేవీ పట్టవు.

తప్పంతా అతని మీదే తోసెయ్యడం అన్యాయం. నైట్రోజన్ ఎక్కించి, జాయింట్లకి సబ్బునురగ రాసి, వ్యాక్యూమ్ లాగి, ముల్లు నిలబడుతుందో లేదో అరగంట చూద్దాం అనే మెకానిక్ దొరికితే మనమే లేచి వెళ్లిపోతాం. సాయంత్రం పెళ్లికి వెళ్లాలి మరి. లీకు వెతికిన కూలి దండగ, గ్యాస్ డబ్బులు మాత్రం న్యాయం!

ఈసారి షెడ్డుకెళ్తే ఒక్క పని చెయ్యండి. ఎన్ని గ్రాములు పట్టాలో చాలా కార్లకి బానెట్ కింద స్టిక్కర్ మీదే ఉంటుంది. పాత గ్యాస్‌ని మెషిన్‌తో తీయించి, తూయించి, ఆ అంకె బిల్లు మీద రాయమనండి. వచ్చిన బరువు స్టిక్కర్‌తో సరిపోయిందా, మీ బండికి గ్యాస్ జబ్బు లేదు. ఆ డబ్బులు ఇవ్వకండి.