రిపోర్టు నార్మల్, చెయ్యి మాత్రం వాపు

మా రోజుల్లో ఎక్స్‌రే గదికొచ్చే చీటీ చదవాలంటే కళ్లజోడు రెండుసార్లు తుడుచుకోవాల్సి వచ్చేది. అయితేనేం, అందులో సరుకుండేది. 'అరచెయ్యి ఆనించి పడ్డాడు, కుడి బొటనవేలి మొదట్లో గుంటలో నొక్కితే నొప్పి, స్కాఫాయిడ్ (మణికట్టులోని చిన్నెముక) చూడండి' అని. ఇప్పుడు చీటీ కంప్యూటర్లో నీటుగా అచ్చయి వస్తోంది: 'చేతి నొప్పి'. ఏ చెయ్యి, ఏ చోట, ఎలా పడ్డాడు? పేషెంటునే అడుక్కోవాలి. ఆనక ఫ్రాక్చర్ దొరకలేదని గోల.

సర్కారు ఆసుపత్రి డార్క్‌రూములో ఫిక్సర్ వాసన పీలుస్తూ ముసలాణ్ణయిపోయినవాణ్ణి, కాస్త వినండి. 1895లో జర్మనీలో రాంట్‌జెన్ తన భార్య చెయ్యి తీసినప్పుడూ ఎక్స్‌రే అంటే నీడే, ఇప్పుడూ నీడే. బీటువారిన కుండ ఒక పక్కనుంచి చూస్తే నిక్షేపంగా కనిపిస్తుంది, తిప్పితేనే గీత బయటపడుతుంది. ఎముకా అంతే. ముక్కలు పక్కకు జరగకపోతే, కిరణం బీట వెంబడే దూరకపోతే గీత నీడలో కలిసిపోతుంది. అందుకే ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి తీసేవాళ్లం. స్కాఫాయిడ్ అనుమానముంటే మణికట్టును చిటికెనవేలి వైపు వంచి ఇంకోటి. ఇప్పుడు బయట క్యూ ఉందని ఒక్కదానితో సరిపెట్టే చోట్లున్నాయి. ఆ ఒక్కటీ ట్యూబ్‌లైటుకెదురుగా పట్టుకుని సెల్‌ఫోన్లో ఫొటో తీసి డాక్టరుకి వాట్సాప్! వెంట్రుకంత బీట అందులో ఏం మిగులుతుంది?

ఇంకో తొందర చూడండి. స్కాఫాయిడ్ బీట మొదటిరోజు చాలాసార్లు కనపడదు. 10–14 రోజులకు విరిగిన అంచులు కాస్త కరిగి, సందు వెడల్పయి, అప్పుడు తేలుతుంది. మా పెద్ద డాక్టర్లు ఫిల్ము బాగానే ఉన్నా కట్టువేసి 'రెండు వారాలకు రా' అనేవాళ్లు. ఇప్పుడలా అంటే, 'రిపోర్టు నార్మలయితే కట్టెందుకండీ, బిల్లు కోసమా' అని జనమే ఎదురు తిరుగుతున్నారు. ఆ ఎముకకు రక్తం ఎక్కువగా వేళ్ల వైపు నుంచి వస్తుంది. విరిగితే ముంజేతి వైపు ముక్క రక్తమందక చచ్చిపోవచ్చు. తర్వాత ఆ మణికట్టు జన్మంతా బాధపెడుతుంది.

ఒకటి దొరకగానే వెతకడం మానేసే జబ్బు మాత్రం అన్ని కాలాల్లోనూ ఉంది. చీలమండ దగ్గర దెబ్బ కనిపెట్టి చేతులు దులుపుకుంటారు. అదే కాలి సన్నెముక పైన, మోకాలి కింద, విరిగి కూర్చుని ఉంటుంది. అక్కడ ఎవరూ నొక్కలేదు, కాబట్టి అక్కడ ఎవరూ ఫిల్ము తీయలేదు.

ఎమ్మారై వచ్చింది కదా అంటారు. వచ్చింది, కాదనను. బాత్రూములో జారిపడిన మామ్మగారికి ఎముకలు గుల్లబారి, తుంటి దగ్గర బీటపడి, ఎక్స్‌రేలో ఏమీ తేలకపోవచ్చు. కుంటుకుంటూ నాలుగడుగులు వేసినా వెయ్యగలదు. అలాంటప్పుడు మూలగలో చేరిన చెమ్మను చూపించి ఎమ్మారై గుట్టు రట్టు చేస్తుంది. మా కాలంలో ఆ భాగ్యం లేదు. కానీ ఎమ్మారై రాయాలంటే ముందు అనుమానం రావాలి. అనుమానం రావాలంటే ఆవిడ కాలు పట్టుకుని మెల్లగా తిప్పి చూడాలి. విరిగిన ఎముకలకు వేసే పుత్తూరు నాటుకట్టు మంచిచెడ్డలు పక్కనపెట్టండి, అక్కడివాళ్లకు తడిమి చూడటమైనా తెలుసు.

'ఫ్రాక్చర్ లేదు' అన్న రిపోర్టు ఆ ఫిల్ములో కనపడలేదనే చెబుతుంది, అంతకు మించి కాదు. నొప్పి తగ్గకపోతే రెండు వారాలు దాటనివ్వకుండా మళ్లీ వెళ్లండి. ఎక్కడ నొప్పో ఒక్క వేలితో చూపించండి. డాక్టరు గారు కంప్యూటరులోంచి తల ఎత్తకపోతే, వాచిన చెయ్యి తీసుకెళ్లి ఆయన కీబోర్డు మీద పెట్టండి.