పిన్నిగారి జూకాలకు పూర్వజన్మలు

ప్రతి అపార్ట్‌మెంటుకీ ఒక వాచ్‌మన్, ఒక లిఫ్టు, ఒక పిన్నిగారు ఉంటారు. లిఫ్టు అప్పుడప్పుడూ పనిచెయ్యదు. పిన్నిగారికి ఆ సమస్య లేదు.

అరవైకి అటూ ఇటూగా వయసు. పిల్లల్లో ఒకరు బెంగళూరు, ఒకరు డాలస్. మోకాళ్ళు మొరాయిస్తాయి గానీ, వీధి చివర తళుక్కుమన్నది ఏదైనా సరే కళ్ళు ఇంట్లోంచే పట్టేస్తాయి. మీరు వాళ్ళింటికి వెళ్తే ముందు మీ ముఖం చూడరు, మీ చొక్కా గుండీలు చూస్తారు. మీరు పట్టుకెళ్ళిన స్వీట్ల డబ్బా అందుకుని, లోపల కాజాలా పూతరేకులా అని అడగరు. డబ్బాకి కట్టిన జరీ రిబ్బను విప్పి, జానతో కొలిచి, "రెండు జతలొస్తాయి" అంటారు. దేనికి రెండు జతలో మీకప్పుడు అర్థం కాదు. నెల తిరిగేలోగా అవి మీ ఆవిడ చెవులకు వేలాడుతుంటే అర్థమవుతుంది.

ఆవిడ చేసేది నగలు. బంగారంతో కాదు, వెండితోనూ కాదు. పాలపాకెట్లు, మందుబిళ్ళల రేకులు, చింతగింజలు, పిస్తా డొల్లలు, తెగిన జిప్పులు, బిగుతైపోయిన పాత గాజులు, ఆదివారం అనుబంధాలు. "పాత పేపర్లూ, పాత ఇనప సామాన్లూ కొంటాం" అని వీధంతా కేకేసుకొచ్చే బండివాడు మా గేటు దగ్గర గొంతు తగ్గిస్తాడు. ఇక్కడ తనకు దొరికేదేమీ లేదని వాడికి అనుభవమే. పైగా ఓసారి ఆవిడే కిందికి దిగి, వాడి బండిలోంచి రాగితీగ చుట్ట బేరమాడి పైకి తెచ్చుకున్నారు.

"పారెయ్యకండి, ఉండనీండి" అన్నది ఆ ఇంటి సుప్రభాతం. అలా ఉండనిచ్చినవన్నీ మంచం కింద గాజుసీసాల్లో ఉంటాయి. ప్రతి సీసాకీ ఆవిడ చేతిరాతతో ఓ చీటీ. "గుండీలు, చొక్కావి." "గుండీలు, చొక్కావి కానివి." "జత పోయిన దుద్దులు." అన్నిటికంటే పెద్ద సీసా మీద "ఏమిటో తెలీదు, బావుంది."

శుభలేఖలంటే ఆవిడకు ప్రాణం. ఈ రోజుల్లో అవి దళసరి అట్టల మీద, వెల్వెట్టు అతికించి, బంగారు రేకు అచ్చుతో వస్తున్నాయాయె. ఏదన్నా పెళ్ళికి వెళ్ళొచ్చాక ఎలా జరిగిందని అడగండి, "అట్ట బావుంది" అంటారు. ఒక జంట ఏడాది తిరక్కుండానే కోర్టుకెక్కింది. వాళ్ళ శుభలేఖలోంచి పుట్టిన బుట్టలు మాత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదని పిన్నిగారు ఇరువైపుల పెద్దలకూ చెప్పి వచ్చారు. చిక్కల్లా దేవుళ్ళతోనే. ప్రతి శుభలేఖ మీదా వినాయకుడో వెంకటేశ్వరస్వామో ఉంటాడు, పైగా నాలుగు మూలలా పసుపు రాసి ఉంటుంది, కత్తెర పెట్టడానికి చెయ్యి రాదు. అందుకని ఆవిడ స్వామి చుట్టూ ప్రదక్షిణంగా కత్తిరించి, ఆ బొమ్మను కళ్ళకద్దుకుని ఒక డ్రాయరులో వేస్తారు. ఆ డ్రాయరు ఇప్పుడు మూతపడదు. కృష్ణలో కలిపేద్దామంటారు బాబాయిగారు. పైనున్న ప్లాస్టిక్ పొర నీళ్ళలో కరగదు, నదికి చేటని పిన్నిగారు ఒప్పుకోరు. ఆ విధంగా దేవుళ్ళకు కూడా "ఉండనీండి" అనే ఆజ్ఞ జారీ అయింది.

బాబాయిగారు ఖజానా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఆయనకి బీపీ, షుగరు, కాస్త అరుగుదల సమస్య. రేకులో ఇంకా నాలుగు బిళ్ళలుండగానే పిన్నిగారు వాటిని చిదిమి డబ్బీలో పోసి, రేకు పట్టుకుపోతారు. మందులషాపు కుర్రాడు ఎక్స్‌పైరీ తేదీ చూసుకుని వేసుకోమని చెప్పి పంపుతాడు. బాబాయిగారి బిళ్ళల తేదీ పిన్నిగారి మెడలో ఉంటుంది. పేపరు సంగతీ అంతే. సంపాదకీయం సగం చదివి, "తరువాయి ఏడో పేజీలో" అని ఉంటే తిప్పుతారు. ఏడో పేజీ వంటింటి కిటికీలో ఆరుతూ ఉంటుంది.

ఆ పేజీకి ఏం జరిగిందో నేను దగ్గరుండి చూశాను. ముందు పొడవాటి సన్నని త్రికోణాలుగా కత్తిరిస్తారు. వెడల్పు వైపు నుంచి మొదలుపెట్టి చీపురుపుల్ల మీద బిగించి చుడతారు. మధ్యలో పొట్టగా, చివరలు సన్నగా తేలుతుంది. కొసకు చుక్క జిగురు. పుల్ల లాగేస్తే పూస. పైన రంగులేని నెయిల్ పాలిష్ రెండు పూతలు. మామూలు పేపరు మట్టిరంగు పూసనిస్తుంది, గ్లేజు కాగితం మీది చీరల ప్రకటన అయితే పగడానికీ పచ్చకీ మధ్య ఏదో రంగు పలుకుతుంది. ఇంతసేపూ ఎగతాళి చేస్తున్నానేగానీ ఆవిడ పనితనం మీద నాకు గౌరవమే. జిగుర్ల గురించి ఆవిడకు తెలిసినంత చాలామంది వడ్రంగులకు తెలీదు. క్షణంలో అతుక్కునే జిగురు అద్దంబిళ్ళ చుట్టూ తెల్లటి మసక తెస్తుంది. అదే నూలుగుడ్డ మీద ఎక్కువ పడితే వేడెక్కి చెయ్యి కాలుతుంది. తెల్లజిగురు చెమటకు మెత్తబడుతుంది. చవక కొక్కేల్లో నికెల్ ఉంటుంది కాబట్టి కొందరి చెవులు దురదపెట్టి పుండు పడతాయి. వాళ్ళకోసం మంచి స్టీలు కొక్కేలు విడిగా తెప్పిస్తారు. బెజవాడ మే నెల ఎండలో పొద్దుటి నుంచి రాత్రి దాకా ఊడకుండా ఉంటేనే ఆవిడ దృష్టిలో అది నగ. ఈ పరీక్ష పెట్టకుండా ఏ జూకానీ గుమ్మం దాటనివ్వరు. పరీక్షకు చెవులు మాత్రం పనమ్మాయివి.

ఖర్చు దగ్గరే దంపతులకు పేచీ.

"ఎర్ర ఏగానీ ఖర్చు లేదు" అని ఆవిడ అనగానే బాబాయిగారు లోపలికెళ్ళి డైరీ తెస్తారు. వన్‌టౌన్‌కి ఆటో, రానూ పోనూ 240. జిగురు తుపాకి 350. దాని కడ్డీలు, కుందన్లు, కొక్కేలు, వార్నీషు విడిగా. ఉచితంగా తయారైన మొదటి జత ఎనిమిది వందల చిల్లర తేలింది.

"తుపాకి ఇంకో వెయ్యి జతలకి వస్తుందండీ. మొత్తం మొదటి జత నెత్తినే రాస్తే ఎలా? మీ ఖజానాలో లెక్కలు ఇలాగే రాశారా?"

"ఆ వెయ్యి జతలు పెట్టుకునే చెవులేవే?"

"చెవులకేం కరువు!"

ఆ తుపాకి కంటే ఖరీదైన సంగతి ఒకటుంది. బాబాయిగారు దాన్ని డైరీలో రాసుకోలేదు, గుండెల్లోనే ఉంచుకున్నారు. వాళ్ళ అమ్మగారి కంచిపట్టు చీర అంచు కత్తిరించి పిన్నిగారు పాత ప్లాస్టిక్ గాజులకు చుట్టారు. అది అసలు వెండిజరీ. పాత పట్టుచీరలు కొనేవాడు చూసి కళ్ళనీళ్ళ పర్యంతమయ్యాడు.

ఇక శ్రావణ శుక్రవారం పేరంటం. శనగలు, తాంబూలం, రవికెలగుడ్డ, వాటి మీద అందంగా ఓ జూకాల జత. పేరంటానికి వచ్చినావిడ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మురిసేదాకా పిన్నిగారు ఆగుతారు. అసలు ఘట్టం అప్పుడు మొదలవుతుంది.

"ఏమై ఉంటుందో చెప్పుకోండి చూద్దాం."

"ముత్యాలా పిన్నిగారూ?"

"ఉహుఁ."

"చైనా పూసలా?"

"కానే కాదు."

"నావల్ల కాదు, మీరే చెప్పండి."

"మీ బాబాయిగారి అరుగుదల బిళ్ళల రేకు."

చెవి దగ్గరి చెయ్యి నెమ్మదిగా కిందికి దిగుతుంది. పిన్నిగారి ముఖంలో అప్పుడొచ్చే కళ చూసి తీరాలి. పోయినేడు మూడో అంతస్తు కోడలుపిల్ల, తెలివైంది, చూడగానే "పాలపాకెట్టు కదండీ" అనేసింది. ఈ ఏడు ఆ అమ్మాయికి శనగలు, తాంబూలం మాత్రమే అందాయి.

ఈ ముచ్చట ఎక్కణ్ణుంచి వచ్చిందా అని ఆలోచిస్తే వింతగా ఉంటుంది. పిన్నిగారి పుట్టిల్లు బందరు. రాగి మీద బంగారు రంగు తేల్చి తెలుగుదేశమంతా మెరిపించిన ఊరు. చిలకలపూడి బంగారమని సామెతకెక్కింది అక్కడి సరుకే. ఆ పనివాళ్ళ గొప్పంతా గుట్టులో ఉంది. పెళ్ళిపందిట్లో పదిమంది చూసినా, కంసాలి పక్కనే కూర్చున్నా, అది గిల్టని పసిగట్టకూడదు. ఆ ఊరి ఆడపడుచైన పిన్నిగారికి గుట్టు దాగదు. నగ ఎంత బావున్నా దాని పూర్వజన్మ బయటపెట్టేదాకా ఆవిడకు తిన్నది అరగదు.

అలాగని మన ఆడవాళ్ళకు ఇది కొత్తా అంటే కాదు. "ఇది మా అత్తగారి వడ్డాణం చెరిపించి చేయించింది, అది మా నాయనమ్మ కంటె" అని బంగారానికి వంశవృక్షం చెప్పని ఇల్లేది? చెరిపించినప్పుడల్లా తరుగూ మజూరీ పేరిట కాస్త కాస్త కంసాలి దగ్గరే ఉండిపోవడమూ అందరికీ తెలిసిందే. "నా దాంట్లో తరుగు లేదు" అంటారు పిన్నిగారు. నిజమే. తరిగేదల్లా బాబాయిగారి చొక్కా గుండీలే.

ఆవిడకు బంగారమంటే విరక్తి కూడా లేదు. చైనా యుద్ధం తర్వాత, 1963లో, మొరార్జీ దేశాయిగారు కొత్త నగలు 14 క్యారెట్లకు మించి చేయరాదని ఆంక్ష పెట్టారు. 1968లో దానికో చట్టమే వచ్చింది. కంసాలుల పొయ్యిలు ఆరాయిగానీ బంగారం మీది మోజు ఇసుమంత తగ్గలేదు. చివరికి 1990లో ఆ చట్టమే పోయింది. 2025లో పది గ్రాములు లక్ష దాటాక, మొరార్జీ వల్ల కానిది పాలపాకెట్టు సాధిస్తుందేమోనని నాకు ఆశ పుట్టి పిన్నిగారిని అడిగాను. ఆవిడ నన్ను జాలిగా చూశారు. "లాకర్లో ఉన్నది లాకర్లో ఉంది నాయనా. ఇది వేరు, అది వేరు. దాన్ని చూసి ఎవరైనా 'ఎన్ని తులాలు' అంటారేగానీ 'ఎలా చేశారు' అంటారా?"

పర్యావరణమని ఆవిడ ఎన్నడూ అనరు. ఆ మాట డాలస్ అమ్మాయిది. తల్లి పంపిన చింతగింజల దండ ఫొటో పెట్టి దాని కింద ఏదో పెద్ద వ్యాసమే రాసిందట. పిన్నిగారు చదివించుకుని విని, "దండకు ముడి సరిగ్గా వెయ్యలేదు, ఫొటోలో కనిపిస్తోంది" అన్నారు.

మొన్న కార్తీకంలో, తెల్లవారుజామున, కాలువగట్టు మీద నడుస్తుంటే బైకు మీద ఇద్దరు కుర్రాళ్ళొచ్చి ఆవిడ మెడలోని కాసులపేరు తెంపుకుపోయారు. మంగళసూత్రాలు చీర కొంగు చాటున క్షేమంగా ఉన్నాయి. పోయిందల్లా శుభలేఖల బంగారు అట్టల్లోంచి కాసుల్లా కత్తిరించి, వార్నీషు పట్టించి, పట్టుదారానికి గుచ్చిన దండ. "అట్టముక్కలే కదా, పోనీవే" అన్నారు బాబాయిగారు. ఆ ఒక్కమాటతో ఆవిడ స్టేషన్‌కి బయల్దేరారు. తోడుగా మమ్మల్నీ రమ్మన్నారు.

కానిస్టేబుల్ కుర్రాడు మర్యాదగా కుర్చీ వేసి, కాగితం తీసి, "ఏం పోయిందమ్మా?" అన్నాడు.

"కాసులపేరు."

"ఎన్ని కాసులు?"

"నూట ఎనిమిది."

కుర్రాడి పెన్ను ఆగింది. కాసంటే ఎనిమిది గ్రాములు. పెదాలు కదుపుతూ లెక్క వేసుకుని, కుర్చీ వెనక్కి తోసి, లోపలికి పరిగెత్తాడు. ఎస్సైగారు టోపీ సర్దుకుంటూ వచ్చారు. వెనక ఇంకో ఇద్దరు. వైర్‌లెస్ సెట్టు ఎవరో చేతిలోకి తీసుకున్నారు.

"దాదాపు కిలో బంగారం మెడలో వేసుకుని వాకింగ్‌కి వెళ్ళారామ్మా! అసలు బంగారమేనా అది?"

బాబాయిగారు ఏదో చెప్పబోయారు. పిన్నిగారు చేత్తో వారించి, పైట సర్దుకుని, కుర్చీలో కాస్త ముందుకు జరిగి కూర్చున్నారు.

"ఏమై ఉంటుందో మీరే చెప్పుకోండి చూద్దాం!"