నోటి మాటకు దరఖాస్తు, నోట్ల మాటకు రహస్యం

ప్రజాస్వామ్యంలో ప్రభుత్వంతో మాట్లాడటానికి పౌరుడికి రెండు దారులున్నాయి. ఒకటి నోటితో, రెండోది నోట్లతో. రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం హామీ ఇచ్చింది మొదటిదానికి. ప్రభుత్వాలు చెవి ఒగ్గేది రెండోదానికి.

నోటితో మాట్లాడదలచినవారు ముందు పోలీసులకు దరఖాస్తు పెట్టుకోవాలి. పిలుపిచ్చిందెవరు, వచ్చేది ఎందరు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, మైకు ఉంటుందా? అన్నీ రాసివ్వాలి. హైదరాబాద్ ఇందిరా పార్కు పక్కనున్న ధర్నా చౌక్‌లో తెలంగాణ ఉద్యమకాలంలో టీఆర్ఎస్ కూడా గొంతెత్తింది. గద్దెనెక్కాక, 2017లో, ఆ పార్టీ ప్రభుత్వానికే అక్కడి ట్రాఫిక్ కష్టాలు, చుట్టుపక్కల ఇళ్లవాళ్ల ప్రశాంతత గుర్తొచ్చాయి. ధర్నాలను నగరం పొలిమేరలకు సాగనంపింది. అసమ్మతిని నిషేధించిందని అనడానికి లేదు, సచివాలయానికి వినపడనంత దూరం జరిపిందంతే. మరుసటి ఏడాది హైకోర్టు కలగజేసుకున్నాకే చౌక్‌లో మళ్లీ నినాదాలు వినిపించాయి. రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ 2023 జనవరిలో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన జీవో నంబర్ 1 కూడా ఆ ఏడాది మే నెలలో హైకోర్టులోనే వీగిపోయింది.

నోట్లతో మాట్లాడేవారికి ఇంత యాతన లేదు. వారి కోసం 2018 జనవరిలో ఎన్నికల బాండ్లు వచ్చాయి. వెయ్యి రూపాయల నుంచి కోటి దాకా స్టేట్ బ్యాంకులో కొనుక్కునే వీలుండేది. పార్టీ వాటిని 15 రోజుల్లో ఖాతాలో వేసుకోవాల్సి ఉండేది. బాండు మీద దాత పేరుండేది కాదు. కొన్నవారి వివరాలు బ్యాంకుకు తెలుసు, బ్యాంకు సర్కారుది. కాబట్టి ఆ రహస్యం కచ్చితంగా దాగింది ఓటరు దగ్గరే. కంపెనీల విరాళాలు సగటు లాభంలో 7.5 శాతం దాటరాదన్న పాత నిబంధనను 2017లోనే ఎత్తేశారు. దాంతో నష్టాల్లో మునిగిన కంపెనీకి సైతం దానగుణం అబ్బింది.

ఈ పథకం 19(1)(ఎ) కింద ఓటరుకున్న తెలుసుకునే హక్కును దెబ్బతీస్తోందని 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టేసింది. కోర్టు అడిగిన బాండ్ల వివరాలు ఇవ్వడానికి స్టేట్ బ్యాంకు జూన్ 30 దాకా గడువు అడిగింది. కోర్టు ససేమిరా అనేసరికి మర్నాడే ఇచ్చింది.

జాబితా బయటపడ్డాక చూస్తే దాతల్లో అగ్రతాంబూలం లాటరీ వ్యాపారం చేసే ఫ్యూచర్ గేమింగ్‌ది, 1,368 కోట్లు. తర్వాతి స్థానం హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్‌ది, 966 కోట్లు. పుచ్చుకున్నవారిలో బీజేపీది 6,000 కోట్లు దాటిన పద్దు. ధర్నా చౌక్ ట్రాఫిక్‌కు కలతపడ్డ పార్టీకి, బీఆర్ఎస్‌గా పేరు మారినా, 1,200 కోట్లకు పైగానే ముట్టాయి. బాండ్లు తీసుకోబోమని చెప్పి, కోర్టుకూ వెళ్లిన సీపీఎం పేరు ఆ వరుసలో లేదు. రాజకీయాల్లో దీన్ని అనుభవరాహిత్యం అంటారు.

ఈలోగా లోక్‌సభ ఎన్నికలు అయిపోయాయి. పార్టీలకు చేరిన బాండ్ల సొమ్మును జప్తు చేయాలన్న అభ్యర్థనను 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. బాండ్లు చెల్లలేదు కానీ డబ్బు చెల్లింది.