కలివికోడి ఆత్మకథ

నేను లేనని పండితులు నిశ్చయించుకొన్న 86 ఏండ్లును కడప జిల్లాలోని ముండ్లపొదల నడుమ నేను నిక్షేపముగా నుంటిని. ఉన్నానని వారు కనుగొన్న నాటినుండి నా పేరు కాగితముల కెక్కినది, నా యిల్లు కాగితముల పాలయినది. ఈ మాట కృతఘ్నతగా తోచినను తోచవచ్చును గాని, నన్నుగూర్చి పక్షిశాస్త్రజ్ఞులు వ్యాసములు వ్రాసియు, అటవీశాఖవారు ఫలకములు నాటియు, న్యాయవాదులు వాదించియు, తపాలాశాఖవారు బిళ్ళ ముద్రించియు తమతమ పాలు చెప్పియుండగా, కథానాయిక యగు నేనొక్కదానను నోరుమూసికొని యుండవలెనను శాసనమెచ్చటను లేదు గనుక చెప్పుచున్నాను.

నా పేరు కలివికోడి. పేరులో కోడి యున్నదే గాని కూరకు చాలునంతటి శరీరము భగవంతుడు నాకీయలేదు. ముక్కు కొననుండి తోక కొనవరకు కొలిచినను 27 సెంటీమీటర్లకు మించను. రొమ్మున రెండు గోధుమవన్నె పట్టెలు, వాని నడుమ తెల్లని గీత, కంటిపై వెడల్పయిన తెల్లని కనుబొమ, కంఠమున కావిరంగు మచ్చ, కొన నల్లనై మొదలు పచ్చనైన ముక్కు: సొగసునకు లోపము లేదు. అయితే ఆ సొగసు చూచువారు తక్కువ. పగలెల్ల పొదనీడను కదలక మెదలక కూర్చుండి, ప్రొద్దుగ్రుంకి మసక చీకటి వ్యాపించిన పిమ్మట వెలువడి, పెద్ద పెద్ద కన్నులతో నేలను పరికించుచు, చెదలను చీమలను ఏరుకొని తినుట మా కులవృత్తి. రెక్కలున్నను, ఎగురుటకంటె పరుగిడుటయే మాకు మర్యాద.

పరుగిడువానికి తెరపినేల కావలెను గదా! నా కష్టములన్నింటికి మూలమీ చిన్న కోరికయే. నల్లమలకును పాలకొండలకును మధ్య, పెన్నానది కనతిదూరమున లంకమల కొండలు కలవు. ఆ కొండలపై నెఱ్ఱచందనము పెరుగును, దానికై దొంగలును పోలీసులును పరుగిడుదురు, ఆ గొడవ నాకు పట్టదు. నా కాపురము కొండ దిగిన తరువాత, పొలము మొదలు కాకముందు, ఆ రెంటికిని నడుమనున్న సన్నని పట్టెలో. అచ్చట తుమ్మయు, రేగును, కలివియు మనుష్యుని యెత్తున పొదలు పొదలుగా నిలిచి, పొదకును పొదకును మధ్య రాళ్ళు తేలిన వట్టినేల యుండును. పొదలు లేకున్న నాకు నీడ లేదు. పొదలన్నియు నొక్కటిగా నల్లుకొనిపోయిన నాకు దారి లేదు. పొదలను తీసివేసి పెద్దచెట్లు నాటిన నాకు తావే లేదు. ఇది అరణ్యము కాదు, పొలమును కాదు, పచ్చికబయలును కాదు. కనుక మీ దృష్టిలో నది యేమియు కాదు.

నన్ను విద్వల్లోకమునకు తొలుత పరిచయము చేసినది జెర్డన్ అను ఆంగ్లేయ వైద్యుడు. మద్రాసు సైన్యములో రోగులను చూచుచు, తీరిక వేళల పక్షులను చూచెడి ఆ దొర నా జాతిదానిని సంపాదింపగా, కలకత్తాలోని బ్లిత్ పండితుడు 1848లో దానికొక లాటిన్ పేరు పెట్టెను. ఇంగ్లీషున మాత్రము నేను నేటికిని ఆ వైద్యుని పేరనే చెలామణి యగుచున్నాను. కలివిపొదల క్రింద తరతరములుగా కాపురమున్నది నేను, పేరు కట్టుకొన్నది ఆయన. పోనిండు. నెల్లూరు, కడప సీమలలో నేనున్నానని ఆయన వ్రాసెను. తరువాత బ్లాన్‌ఫర్డ్ దొర గోదావరి లోయలో సిరొంచ, భద్రాచలము ప్రాంతములందు మావారిని చూచెను. 1900లో క్యాంబెల్ దొర అనంతపురము వద్ద చూచెను. ఆ పిమ్మట చూచినామనువారు లేరైరి. ఏండ్లు గడచినవి, దొరలు వెడలిపోయిరి, దేశమునకు స్వాతంత్ర్యము వచ్చినది, నాకు మాత్రము మరణము నిర్ణయమైనది.

కనబడకుండుట అను అనుపలబ్ధిని కూడ మన పూర్వులలో కొందఱొక ప్రమాణముగా నంగీకరించిరి. అయితే చూడదగిన వేళ, చూడదగిన చోట, చూడగల కంటితో చూచియు కనబడనిదే లేదని చెప్పవలెనని వారు కట్టడి చేసిరి. నా విషయమున ఈ మూడింటిలో నెన్ని పాటింపబడినవో విజ్ఞులే ఊహింతురుగాక. రాత్రిపక్షి కొఱకు పగలు వెదకి, పగలు కానరాలేదు గనుక రాత్రియు లేదని నిర్ణయించుట నాకు న్యాయముగా తోచలేదు. వారు నాకు శ్రాద్ధము పెట్టుచున్న ఆ కాలమందే మా పొదలలో ఉచ్చులు పన్ని పొట్టపోసికొనువారికి నా సంగతి చక్కగా తెలియును. వారినెవ్వరును అడుగలేదు, వారు పుస్తకములు వ్రాయువారు కారు.

ఎట్టకేలకు అడిగినవా రొకరు వచ్చిరి. బొంబాయి ప్రకృతిశాస్త్ర సంఘము పక్షాన, నా జాడకై ఎంతో కాలము తపించిన సలీం అలీగారి ప్రోత్సాహముతో, భరత్ భూషణ్ అను యువకుడు నా బొమ్మ చేతబట్టుకొని పల్లెలు తిరిగి, వేటగాండ్రను ఓపికతో విచారించెను. 1986 జనవరి మాసమున నొక రాత్రి రెడ్డిపల్లె సమీపమున స్థానికుడైన యొక వేటగాని దీపపు వెలుగునకు మా యాడబడుచో అన్నగారో కన్నులు జిగేలుమని నిలిచిపోగా, వాడు ఒడుపుగా పట్టి తెచ్చెను. పట్టినవాని కది క్రొత్త సంగతి కాదు. ప్రపంచమునకు మాత్రము వార్త యయ్యెను.

ఆ వార్తలో చివరి పంక్తిగా వచ్చి చాలమంది మఱచినది నేను మఱవజాలను. పట్టువడిన ఆ పక్షి ఎక్కువకాలము బ్రతుకలేదు. రాత్రులు వట్టినేలపై పరుగిడి ప్రాణమున్న చెదలను ఏరుకొని తినుట యలవాటైన జీవికి, మనుష్యుల కూటమి నడుమ, వారు దయతో పెట్టిన ఆహారము నోటికి పోవునా? చుట్టును చేరినవారిలో దాని చావు కోరినవా డొక్కడును లేడు. దానిని ఎట్లయినను బ్రతికింపవలెనని తహతహపడినవారే యందఱును. అదియే నాకు మఱింత విషాదముగా నున్నది. చచ్చినదనుకొన్న జాతి బ్రతికియున్నదని చాటుటకు, బ్రతికియున్న పక్షి యొకటి చావవలసివచ్చినది. దాని శరీరమును శాస్త్రోక్తముగా భద్రపఱచి బొంబాయిలో దాచిరి. నేనెన్నడును బొంబాయి చూడలేదు. చూడవలెనను ఉబలాటమును లేదు.

ఆపైన సన్మానములు వెల్లువగా వచ్చెను. 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యము వెలసినది. ఆ సంవత్సరమే నా బొమ్మతో తపాలాబిళ్ళ వెలువడినది. బిళ్ళ వెనుక నాలుకతో తడిచేసి ఉత్తరములపై నంటించినవారిలో ఎందఱు నా ముఖము చూచిరో తెలియదు. నన్ను వెదకు విధములును మారినవి. పొదల నడుమ మెత్తని మట్టిని పట్టీలుగా పఱచి, తెల్లవారి వచ్చి నా అడుగుల గుర్తులు చూచుకొనిరి; కాలు పడగానే తనంత తాను ఫోటో తీసికొను కెమెరాలను అమర్చిరి; సాయంసంధ్య దాటిన కొలదిసేపటికి నేను కూయు రెండక్షరముల కూతను పట్టుకొని, దానినే యంత్రముతో వినిపించి, నేను బదులు పలుకుదునేమో యని చెవులు రిక్కించుకొని కూర్చుండిరి. వలయు ఉచ్చును లేకుండ నన్ను తెలిసికొనవచ్చునని గ్రహించిన ఈ పిన్నవారియెడ నాకు నిజమైన గౌరవము కలదు.

ఇంకొక విడ్డూరము వినుడు. స్కాట్లండులోని ఎబర్డీన్ విశ్వవిద్యాలయపు వస్తుప్రదర్శనశాలలో గుడ్ల సేకరణ నడుమ నొక గుడ్డు ఎవరి దృష్టికిని రాక పడియుండి, 2013లో పరీక్షింపబడగా, డీఎన్ఏ సాక్ష్యముచే మా జాతిదని తేలినది. అది 1917లో కోలారు ప్రాంతమున సేకరింపబడినదట. అనగా 1900 తరువాత మమ్ము చూచినవారు లేరను మాట పుస్తకములలో స్థిరపడుచున్న కాలమున మా గుడ్డు సముద్రము దాటి, దొరల సొరుగులో భద్రముగా పరుండియే యున్నది! ఇక మా గూడెట్లుండును, పిల్లల నెట్లు సాకుదుము అను ప్రశ్నలకు మీ పుస్తకములలో సమాధానము లేదు. నన్నడిగిన నేను చెప్పను. ఒక్క గుడ్డు చేతబడినందులకే ఖండాంతరము దాటించినవారికి గూటి దారి చూపుదునా?

ఇక నా అసలు ఫిర్యాదునకు వత్తును. నన్ను తుపాకితో కాల్చి తుదముట్టించినవాడు లేడు. ఉచ్చు పన్నినవాడు ఒకటి రెండు పక్షులను పట్టుకొనిపోయినను, మఱునాడు పొద యచ్చటనే యుండెడిది. పశులకాపరియు నాకు పగవాడు కాడు: ఆవులును మేకలును మితముగా మేసినచో పొదల నడుమ నేల తెరపిగా నుండును, మందలు మితిమీరినపుడే పొద చచ్చును. వంటచెఱకునకై కొట్టుకొనిపోవు బీదరాలిని నేనేమందును? ఆమె కొడవలికి ఎంత తెగునో అంతయే తెగును. కాని ఆ పొదల పట్టెను కాగితముపై బీడని వ్రాసికొని, ఆ బీడును సద్వినియోగము చేయుట దేశసేవ యని నమ్మి వచ్చువారున్నారే, వారి చేతిలో పొద వేళ్ళతో సహా లేచిపోవును. నిమ్మతోట పెట్టువారు, సేద్యమునకు చదును చేయువారు, బండలు త్రవ్వువారు, ఇండ్లస్థలములు కొలుచువారు. వీరిలో నన్ను ద్వేషించినవాడు లేడు, నేనున్నానని ఎఱిగినవాడును లేడు. వేటగానిని తప్పించుకొను ఉపాయము మా తల్లి నాకు నేర్పినది. భూమిలెక్కలను తప్పించుకొను ఉపాయము ఆమెకును తెలియదు.

2005లో జరిగిన సంగతి చెప్పెదను. శ్రీశైలమునుండి కృష్ణాజలములను రాయలసీమ మీదుగా నెల్లూరుసీమకును, అచ్చటినుండి మద్రాసు నగరమునకును కొనిపోవు తెలుగుగంగ కాలువ పనులు సాగుచు సాగుచు నా పొదల దాకా వచ్చినవి. జనులు ప్రొక్లెయిను అని పిలుచు ఆ పసుపుపచ్చని యంత్రమును నేనప్పుడే చూచితిని. కలివిపొద యొకటి ఎదుగుటకు ఎన్ని వానకాలములు పట్టునో, ఆ యంత్రపు తొండము దానిని పెకలించి ప్రక్కన పడవేయుటకు అన్ని నిమిషములైనను పట్టలేదు. రాయలసీమ రైతు దాహమును గాని, పట్టణవాసుల దాహమును గాని నేను కాదనను. కరవుసీమలో పుట్టినదానను, నీటి విలువ నా కొకరు చెప్పవలసిన పని లేదు. కాలువ కొంచెము ప్రక్కగా పోయిన నేమి యని మాత్రమే నా ప్రశ్న. నా తరపున మనుష్యులే మొఱపెట్టిరి, విచారణలు జరిగెను, తుదకు కాలువ దారి మార్చిరి. ఇది సాధ్యమే యని నాకప్పుడు తెలిసినది. త్రవ్వకముందే అడిగియుండిన, త్రవ్విన గోతులు మాత్రము మిగిలెడివి కావు.

మా పొరుగుసీమయగు కర్నూలున రోళ్ళపాడులో బట్టమేకపిట్ట గారుండిరి. ఠీవిలో నాకును వారికిని పోలిక లేదు. మగపక్షి నిలిచిన మీటరు పొడవు, ఎగురు పక్షులలో మిక్కిలి బరువైన వానిలో నొకటి. వారికిని 1988లోనే అభయారణ్యము నేర్పడినది. రక్షణ మూలమున అచ్చట కృష్ణజింకలు మందలు మందలుగా వృద్ధిపొందినవి. చుట్టునున్న పచ్చికబయళ్ళు పొలములయినవి. బట్టమేకలు మాత్రము కనుమరుగయినవి. నేడు దేశము మొత్తముమీద వారి సంఖ్య 150 లోపే యని అంచనా, అందులో నెక్కువమంది రాజస్థానపు ఎడారిని నమ్ముకొన్నవారే. అచ్చట సూర్యరశ్మినుండియు గాలినుండియు పుట్టించిన విద్యుత్తును మోసికొనిపోవు తీగలు వారి పాలి యమపాశములయినవి. కన్నులు ప్రక్కలకుండుటచే ఎదుటి తీగ కానరాదు. కానవచ్చినను ఆ బరువైన దేహము తటాలున మళ్ళదు. తీగలను భూమిలో పూడ్పింపుడని 2021లో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినది; 2024లో ఆ ఆజ్ఞను సడలించి నిపుణుల సంఘమునకు అప్పగించినది. పొగలేని విద్యుత్తు లోకమునకు మేలే. ఆ మేలు కొఱకు ఎవరు చచ్చుచున్నారో లెక్కలో చేర్చుడని మాత్రమే మా మనవి. రాబందుల గతియు నిట్టిదే: పశువుల నొప్పికిచ్చిన డైక్లోఫెనాక్ మందు, ఆ పశువు చచ్చిన పిమ్మట దానిని తిన్న రాబందుల మూత్రపిండములను చెఱచి, లక్షలకొలది పక్షులను కూల్చినది. 2006లో పశువైద్యమున ఆ మందును నిషేధించునప్పటికి ఆకాశము ఖాళీ యయినది.

ప్రపంచ పట్టికలో నేడు నా పేరు అత్యంత ప్రమాదస్థితిలో నున్న జాతుల వరుసలో నున్నది. ఇది గౌరవస్థానము కాదు. లేదను గడికి ముందున్న గడి. నా కొఱకు చెట్లు నాటుదుమని కొందఱు దయామయు లుత్సాహపడుచుందురు. దయచేసి నాటవలదు. నాకు నీరు తెప్పింపవలదు, పంజరము కట్టింపవలదు, శిలావిగ్రహము మొదలే వలదు.

లంకమల చుట్టుప్రక్కల పల్లెలవారిని, భూముల దస్త్రములు వ్రాయు ఉద్యోగులను నేనడుగున దొక్కటి. మీ యూరి చివర, కొండ దిగిన చోట, దేనికిని పనికిరాదని మీరనుకొను పొదల పట్టె యున్నచో, దానిని తోటకో క్వారీకో కాలువకో కేటాయించుటకు ముందు, పక్షుల నెఱిగినవారిని పిలిపించి, మీ యూరి పాతవేటగాండ్రను కూడ ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ప్రొద్దుగ్రుంకిన తరువాత కొన్ని రాత్రులు పరీక్ష చేయింపుడు. మేమున్న, దారి కొంచెము ప్రక్కకు మార్చుడు. లేకున్న మీ యిష్టము. పగటిపూట చూచి లేదని మాత్రము వ్రాయకుడు.