లోపల వదిలిన బట్ట

కనుమ నాడు అహోబిలంలో పల్లకీ ఎక్కిన నరసింహస్వామి, చెంచులక్ష్మితో తన పెళ్లికి రమ్మని నలభై రోజులకు పైగా, ముప్పైకి మించిన ఊళ్లు తిరుగుతాడు. దాన్నే పార్వేట అంటాం. మా రుద్రవరానికీ వస్తాడు. శుభలేఖ వాట్సాప్‌లో పడేసి ‘ఇదే పిలుపు అనుకోండి’ అనే కాలంలో, పెళ్లికొడుకే స్వయంగా వచ్చి పిలవడం మా ఊరికి మిగిలిన మర్యాద.

పోయినేడు పల్లకీ వీధి మలుపు తిరిగేసరికి నేను లుంగీలో ఉన్నాను.

“ఏమయ్యా, ఆయప్ప అంత అలంకారం చేసుకోని పిలవనీకి వస్తే, నువ్వు లుంగీతో ఎదురుపోతాండావా?” అనింది మా ఆవిడ.

“ఆయనకు పెళ్లి ఇంకా కావాల. మనకయ్యి ఇరవై తొమ్మిదేళ్లాయె,” అన్నాను.

మరుసటి పొద్దున ఉగ్గానిలో ఉప్పు లేదు. బజ్జీ అసలే లేదు.

ఆలోచిస్తే ఆమె మాటలో న్యాయముంది. హిరణ్యకశిపుణ్ణి గోళ్లతో చీల్చిన స్వామి కూడా చెంచుపిల్ల ఎదుటికి వేటగాడి వేషంలోనే పోయాడని కదా మా వైపు కథ! 1958లో బి.ఎ. సుబ్బారావు తీసిన ‘చెంచులక్ష్మి’లో అక్కినేనికీ ఆ వేషం తప్పలేదు. మనసు పడినవాడు ముందు బట్టలు మారుస్తాడు. నేనైతే పెళ్లిచూపులకు మా బావ ప్యాంటు అరువు తెచ్చుకున్నాను. నడుము దగ్గర రెండంగుళాలు బిగువు. ఊపిరి బిగబట్టి, తల వంచుకుని, అడిగినదానికల్లా “ఊ” అంటూ గంటసేపు కూర్చున్నాను. పిల్లవాడు బుద్ధిమంతుడు, నెమ్మదస్తుడు అనుకున్నారు. పెళ్లయ్యాక లుంగీ కట్టి ఊపిరి వదిలిన రోజు గానీ నా గొంతు ఎంతటిదో ఆమెకు తెలియలేదు.

హైదరాబాదులో ఉండే మా అన్న కొడుకు ఈ కాలం పద్ధతి చెప్పాడు: వేసి చూడటం, నచ్చకపోతే ఏడు రోజుల్లో వాపసు. చొక్కా సంగతా, పిల్ల సంగతా అని అడిగితే వాడు ఫోన్ చూసుకున్నాడు.

లుంగీని తక్కువ చేయకండి. లావెక్కినా చిక్కినా అదే సర్దుకుంటుంది, చలేస్తే దుప్పటి, చెయ్యి కడిగితే తువ్వాలు. ఒకటే చిక్కు. ఇంట్లో అంత నమ్మకంగా ఉన్న ముడి సరిగ్గా బస్టాండులో నలుగురి ముందు వదులవుతుంది. మొగుడూ పెళ్లాల మాటలు కూడా బంధువుల ఇంట్లోనే జారుతాయి.

ఇక పట్టుచీర. ఆమె పెళ్లినాటి ధర్మవరం చీర బీరువాలో కలరా ఉండల మధ్య పడుకుని ఉంటుంది. ఏడాదికోసారి తీసి మడత మార్చాలట, లేకుంటే మడత దగ్గరే చీలుతుంది. మా జగడాలకు మాత్రం ఇరవై తొమ్మిదేళ్లుగా ఒకటే మడత: మా చెల్లెలి పెళ్లిలో వాళ్ల నాయనకు రెండోసారి పప్పు వడ్డించలేదని.

మొన్న మేనకోడలి పెళ్లికి ఆ చీర కట్టాలని, పెళ్లినాటి జాకెట్టు కూడా పట్టుకుని టైలరు దగ్గరికి పోయాం. అది పట్టదని ముగ్గురికీ తెలుసు, ఎవరం అనలేదు. అతను పక్క కుట్టు విప్పి చూసి, “లోపల మంచిగా బట్ట వదిలిండారక్కా, పాతకాలం పనితనం,” అన్నాడు. బయట వెలిసిపోయిన జాకెట్టుకు, లోపలి అంగుళం బట్ట మాత్రం పెళ్లినాటి ముదురాకుపచ్చతోనే ఉంది. ఆమె దాన్ని వేలితో ఒకసారి నిమిరింది.

“వదులు చేస్తే ఈ చార కనపడదా?”

“పైట కప్పుకుంటే కనపడదులేక్కా.”

నాకూ ఉత్సాహం పుట్టి, బావకు తిరిగివ్వని ఆ ప్యాంటు సంగతి కదిపాను. దాన్నీ విప్పితే ఏమైనా వస్తుందేమో అని. అతను టేపు మెడలో వేసుకుని నా నడుము వైపు చూశాడు. తర్వాత మా ఆవిడ వైపు చూశాడు.

“అన్నా, నీకు లుంగీనే బాగుంటాది.”