పొగ కొలిచేదాన్ని

నా పొట్టలో ఓ గొట్టం ఉంది. గొట్టానికి ఈ కొసన దీపం, ఆ కొసన వెలుగును పట్టే కన్ను. మధ్యలోకి లారీ పొగ చేరితే, ఆ వెలుగు ఎంత తగ్గిందో లెక్కగట్టి అంకె చెప్పడం నా పని. నన్ను స్మోక్ మీటర్ అంటారు. హైదరాబాద్‌లో మైత్రీవనం నుంచి ఎస్.ఆర్. నగర్ వైపు పోయే దారిలో, రోడ్డు వారగా ఆగే పొల్యూషన్ వ్యాన్‌లో నా కాపురం. పక్కనే పెట్రోలు బండ్లను చూసే ఇంకో యంత్రం ఉంది. డీజిల్ బండి వస్తే మాత్రం నా వంతే.

మైత్రీవనం అంటే అందరికీ గుర్తొచ్చేది కోచింగ్ సెంటర్లు, గోడల నిండా జావా, పైథాన్ పోస్టర్లు, సంచులు తగిలించుకున్న పిల్లలు. ఇక్కడ లారీల మాటేమిటని అనుకుంటారు. ఈ రోడ్డు పుణె నుంచి మచిలీపట్నం దాకా పోయే పాత తొమ్మిదో నంబరు జాతీయ రహదారి. ఇప్పుడు 65వ నంబరు. బొంబాయి వైపు నుంచి విజయవాడ పోయే లోడ్లు ఒకప్పుడు పటాన్‌చెరు, కూకట్‌పల్లి, ఎర్రగడ్డ మీదుగా వచ్చి అమీర్‌పేట, పంజాగుట్ట దాటేవి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక, ఊళ్లో దించే సరుకు లేనివి చుట్టు తిరిగి పోతున్నాయి. మిగిలినవి రాక తప్పదు. ఇక్కడ లేచే ప్రతి కొత్త భవనానికీ సిమెంటు, ఇసుక, ఇనుము ఏదో ఒక లారీ మోసుకురావాల్సిందే.

పెద్ద లారీలకు పగలు నగరంలోకి ప్రవేశం లేదు. రాత్రి పొద్దుపోయాక లోపలికొచ్చి, తెల్లారి ట్రాఫిక్ పెరగకముందే బయటపడాలి. డీసీఎంల లాంటి చిన్న సరుకు బండ్ల వేళలు వేరు. పండగలకీ ఊరేగింపులకీ వేళలు మారతాయి, దారులు మళ్లిస్తారు. ఈ నగరంలో పుట్టి పెరిగిన డ్రైవర్లే ఆ వేళల్ని ఒకరినొకరు అడిగి తెలుసుకుంటారు. నిజామాబాద్ నుంచో నల్లగొండ నుంచో మొదటిసారి లోడు తెచ్చిన మనిషికి ఎవరు చెప్పాలి?

అలాంటివాళ్లే మా వ్యాన్ దగ్గరికి వచ్చి ముందుగా అడిగే మాట ఒకటుంది.

"అన్నా, పొల్యూషన్ కాయితం ఉంటె లోపలికి ఇడుస్తరా?"

మా ఆపరేటర్ ఓపికగా చెబుతాడు. "గీ కాయితం పొగ సంగతి చెప్తది తమ్మీ. లోపలికి ఇడిసేది టైము చూసి. రెండూ వేరే."

"మరి ఎఫ్.సీ. ఉంది గద?"

"అది బండి మంచిగున్నదని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఇచ్చింది. అది ఇంకోటి."

ఆ డ్రైవర్ మొహంలో అప్పుడు కనబడేది తెలివితక్కువతనం కాదు, అలసట. పొల్యూషన్ కాగితం, ఎఫ్.సీ. అనే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, పర్మిట్, ఇలా అతను మూడు కాగితాలు దగ్గర పెట్టుకున్నాడు. మూడూ ప్రభుత్వం ఇచ్చినవో, ప్రభుత్వం ఒప్పుకున్నవో. మూడూ ఉన్నాక కూడా గేటు ఎందుకు తెరుచుకోదని అడగడం న్యాయమైన ప్రశ్న. ప్రవేశ వేళలు ట్రాఫిక్ పోలీసులవి. ఫిట్‌నెస్, పర్మిట్, పన్ను రవాణా శాఖవి. ఇంజను ఎంత శుభ్రంగా ఉండాలో తేల్చేది కేంద్ర ప్రభుత్వం. గాలి ఎలా ఉందో చూసేది కాలుష్య నియంత్రణ మండలి. దాని ఆఫీసు మాకు దగ్గర్లోనే, సనత్‌నగర్‌లో ఉంది. ఒక్క లారీకి ఇన్ని లెక్కలు. వాటన్నిటినీ కలిపి చదువుకోవాల్సింది మాత్రం రాత్రంతా స్టీరింగ్ పట్టుకున్న మనిషి.

నా లెక్కలోనూ చిక్కుంది. ఇంజను వేడెక్కాక, గేరు న్యూట్రల్‌లో ఉంచి, పొగ పట్టే నా ఇంకో గొట్టాన్ని సైలెన్సర్‌లో పెట్టి యాక్సిలరేటర్ ఒక్కసారిగా అడుగంటా తొక్కిస్తారు. అలా కొన్నిసార్లు తొక్కించి సగటు తీస్తారు. పాత ఇంజనుకు ఆ వెలుగు తగ్గుదల కొలత మీటరుకు 2.45 దాటకూడదు. కేంద్రం పెట్టిన ప్రమాణాల్లో భారత్ స్టేజ్ 4 ఇంజను అయితే 1.62. నల్లగా కనిపించే ఒకే రకం పొగ ఒక బండికి పాస్, ఇంకో బండికి ఫెయిల్. "వాని బండి నా బండి కంటె ఎక్కువ పొగ గొడ్తుంది, వానికెట్ల ఇచ్చిన్రు?" అని నిలదీసినవాళ్లున్నారు. వాళ్ల కళ్లు అబద్ధం చెప్పలేదు.

అసలు ముడి ఎక్కడ పడిందంటే, 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్‌తో కలిపి 13 నగరాల్లో భారత్ స్టేజ్ 4 వచ్చింది. మిగతా చాలా చోట్ల స్టేజ్ 3 నడిచింది. దేశమంతటా స్టేజ్ 4 రావడానికి 2017 ఏప్రిల్ దాకా పట్టింది. అంటే ఆ ఏడేళ్లలో ఒకే సంవత్సరం తయారైన రెండు లారీలు, ఒకటి నగరంలో, ఒకటి జిల్లాలో రిజిస్టరైతే, వాటి ప్రమాణాలు వేరయ్యే వీలుంది. జిల్లా లారీ నగరంలోకి రాకుండా ఉండదు కదా. గాలికి ఆర్.సి. బుక్కు తెలియదు. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు, ఏప్రిల్ 1 నుంచి స్టేజ్ 3 బండ్లు అమ్మకూడదని తీర్పిచ్చింది. మిగిలిన స్టాకును కంపెనీలు ఆ రెండు రోజుల్లో ధర తగ్గించి అమ్ముకున్నాయి. అప్పు చేసి ఆ లారీ కొన్నవాళ్లకు అప్పుడది బేరం. ఇప్పుడు దానికి ఎనిమిదేళ్లు నిండాయి కాబట్టి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి. పొల్యూషన్ సర్టిఫికెట్ స్టేజ్ 4కి ఏడాది నడిస్తే, దీనికి ఆర్నెల్లే. ఆ తేడా తెలియక గడువు దాటించుకున్న వాళ్లను చూస్తే బాధేస్తుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆ తప్పుకు 10,000 రూపాయల దాకా జరిమానా వేయొచ్చు.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన స్టేజ్ 6 లారీల ముందు నాకు దాదాపు పని లేదు. పొగలోని మసిని ఫిల్టరు పట్టేస్తుంది. నా దీపం వెలుగు మసకబారదు. కానీ వాటిలో పోసే యాడ్‌బ్లూ అనే ద్రవం ఎందుకో చెప్పేవాళ్లు లేరు. అది డీజిల్‌లో కలిపేది కాదు, నైట్రోజన్ ఆక్సైడ్లను విరగ్గొట్టడానికి పొగ గొట్టంలోకి పోయేది. ఆ వాయువుల్ని నేను చూడలేను. నాకు కనబడేది నలుపే. ఊపిరితిత్తుల లోతుకు దిగే సన్నని రేణువుల్ని విడిగా లెక్కపెట్టడమూ నాకు రాదు. నేనిచ్చిన అంకె చూసి ఈ లారీ గాలికి చెరుపు చేయదని ఎవరైనా అనుకుంటే, అది నేను చెప్పని మాట. నా గొట్టం సైలెన్సర్‌లో పెట్టకుండానే కాగితం ఇచ్చే చోట్లు ఉన్నాయని డ్రైవర్లు చెప్పుకుంటారు. అలాంటి కాగితం వల్ల గాలికీ లాభం లేదు, డ్రైవర్‌కీ లాభం లేదు. ఎయిర్ ఫిల్టర్ పూడిందనీ, నాజిల్ అరిగిందనీ, లోడు మించిందనీ అతనికి తెలిసే అవకాశం పోతుంది.

ఈ చిక్కు ఔటర్ దాటాక కూడా వదలదు. నల్లగొండ బత్తాయి ఢిల్లీ మార్కెట్‌కు పోతుంది. అక్కడ, ఢిల్లీలో రిజిస్టర్ కాని స్టేజ్ 3, అంతకు పాత సరుకు లారీలకు 2025 నవంబరు 1 నుంచి ప్రవేశం లేదు. స్టేజ్ 4కి 2026 అక్టోబరు చివరిదాకా గడువిచ్చారు. గాలి మరీ చెడిన రోజుల్లో ఇంకా గట్టి ఆంక్షలు వస్తాయి. దారిలో ఉండగానే అవి మారితే, పండు కుళ్లిపోయే లోడుతో ఆ మనిషి హర్యానాలో రోడ్డు పక్కన ఆగాలి.

లండన్‌లోనూ ఇదే తికమక. ఇక్కడ కోర్సు చేసి ఆ దేశం వెళ్లి, అక్కడి గోడౌన్‌లో పనిచేసి వచ్చిన ఓ కుర్రాడు తన బండికి పొల్యూషన్ తీయించుకుంటూ మా ఆపరేటర్‌కు చెప్పాడు. పెద్ద డీజిల్ లారీల పొగకు అక్కడ 2008 నుంచే ప్రత్యేక ప్రాంతం ఉంది. 12 టన్నులు దాటిన లారీలకు 2021 నుంచి ఇంకో పర్మిట్ కావాలి. అది పొగది కాదు, క్యాబిన్‌లోంచి డ్రైవర్‌కు పక్కన నడిచే మనిషీ సైకిలూ ఎంతవరకు కనబడతాయన్నది. 2024 అక్టోబరు నుంచి ఆ కొలతను ఇంకా బిగించారు. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టేనని అనుకునే డ్రైవర్లు అక్కడా ఉన్నారట. అయితే ఆ రెండో కొలత విన్నప్పుడు నాకు ఆశ కలిగింది. మైత్రీవనం దగ్గర రోడ్డు దాటే పిల్లల్ని రోజూ చూస్తున్నాను. మన దగ్గర లారీ వెనక ఇనుప చువ్వలు బయటికి పొడుచుకురాకూడదని 2014లోనే నిబంధన వచ్చింది. రాత్రి మెరిసే టేపు ఉండాలి, వెనక అడ్డకమ్మీ ఉండాలి. అవి ప్రాణాలు కాపాడేవి. నేను నిబంధనలు వద్దనడం లేదు. అవి మోయాల్సినవాడికి అర్థమయ్యేలా చేరాలంటున్నాను.

చేరకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. గేటు ఎప్పుడు తెరుస్తారో తెలియని లారీ, ఎక్కడో శివార్లలో ఇంజను ఆపకుండా గంటలు గంటలు నిలబడుతుంది. నగరం కోసం పెట్టిన నిబంధన అక్కడి గాలిని పాడు చేస్తుంది. వేళ ముగిసిపోతోందని తెలిసిన డ్రైవర్ తెల్లారగట్ల నిద్రకళ్లతో తొందరపడి తోలుతాడు. పాలబండి మనిషీ, హాస్టల్ నుంచి మొదటి క్లాసుకు బయల్దేరిన పిల్లా అప్పుడే రోడ్డు మీదికి వస్తారు.

పటాన్‌చెరు, మేడ్చల్, శంషాబాద్, పెద్ద అంబర్‌పేటల్లో ఔటర్ దిగే ప్రతిచోటా, మలుపుకు ముందే, తెలుగులోనూ హిందీలోనూ ఒకే బోర్డు ఉండాలి: ఏ సైజు బండికి ఏ వేళ, ఏ రోడ్డు, ఏ కాగితం. వేళ మారిన రోజు అదే బోర్డు మీద మారాలి. ఆగడానికి నీడ, నీళ్లు, మరుగుదొడ్డి ఉన్న చోటు ఎంత దూరమో కూడా దాని మీదే రాయాలి. ప్రస్తుతానికి మా ఆపరేటర్ నేనిచ్చిన సర్టిఫికెట్ వెనక బాల్‌పెన్నుతో రాసిస్తున్నాడు: నీ బండి ఫలానా స్టేజ్, దీని గడువు ఈ తేదీ, ఎఫ్.సీ. ఆ తేదీ, టైము సంగతి పోలీసుల్ని అడిగి రా.