మేడమీది పలకలకు మెరుగు

మీ తాత కట్టించిన మేడగదిలో చెక్కనేల ఉందంటే, దానికి మెరుగు పెట్టే పనిలో మొదటి మెట్టు ఆ మాట బయటికి పొక్కనీకపోవడం. మాది పుంగనూరు. నేను పొక్కనిచ్చాను. తెల్లారేసరికి కుప్పం నుంచి మా బావమరిది దిగాడు. కుప్పం మనిషికి నేల అంటే గ్రానైటే. "ఈ చెక్కలన్నీ పీకేసి బండలేపించు బావా" అన్నాడు. రెండు సెంటీమీటర్ల బండ చదరపు మీటరుకు 50 కిలోల పైమాటే. దంతెలు మోస్తాయా అని అడక్కండి. బండ ధర చెప్పగలడుగానీ బరువు అతని శాఖ కాదు.

రెండోది, చెక్క ఏ జాతిదో తేల్చుకోవడం. టేకు, వేగిస, మద్ది, ఏదైనా పర్వాలేదు. గీకినచోట మరీ ఎర్రగా తేలితే మాత్రం కిటికీ మూసేయండి. చిత్తూరు సీమలో ఎర్రచెక్క మీద ఇరుగుపొరుగుకు ఉన్న ఆసక్తి ఇంకే కళ మీదా లేదు.

పనికి ఏప్రిలే మంచిది, ఎందుకంటే అప్పుడు చేస్తే నవంబరులో మళ్ళీ చెయ్యొచ్చు. ఎండకు పలక కుంచించుకుపోయి, పలకకూ పలకకూ మధ్య చింతగింజ పట్టేంత సందు వస్తుంది. మా సందుల్లోంచి రెండు చింతగింజలు, ఒక తలపిన్ను, చదరపు అయిదు పైసల బిళ్ళ దొరికాయి. ఆ సందుల్ని రంపప్పొట్టు, జిగురు కలిపి గట్టిగా నింపేయండి. తుపాను వానలకు చెక్క ఉబ్బి ఆ ముద్దనంతా పైకి కక్కుతుంది. చూడ్డానికి బాగుంటుంది.

ఇక గీకడం. పాతకాలం వడ్రంగులు గాజుపెంకుతో నిదానంగా గీకేవాళ్ళు. మీరు బెంగుళూరు నుంచి మిషను బాడుగకు తెండి. ముందు 40 నంబరు ఉప్పు కాగితం, తర్వాత 80, ఆపైన 120, ఎప్పుడూ చెక్క చార వెంబడే. పైకి తేలిన మేకుల్ని ముందే లోపలికి దిగగొట్టాలి. దిగగొట్టకపోతే ఏమవుతుందో కాగితమే చిరిగి చెబుతుంది. మిషను తిరుగుతున్నంతసేపూ కదులుతూ ఉండాలి. నాకు మధ్యలో ఫోనొచ్చింది, నిలబడి మాట్లాడాను. ఇప్పుడక్కడ పాలు పోస్తే పిల్లి హాయిగా తాగొచ్చు. పొడి సందుల్లోంచి కింద వంటింట్లోకి, సరిగ్గా సంగటి ముద్ద మీదికి రాలింది. ఆ పూట ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు.

పూతకు అవిసె నూనె కోసం మదనపల్లె వెళ్ళాను. కొట్టాయన పాలియురెథేను డబ్బా చేతిలో పెట్టి రెండూ ఒకటే అన్నాడు. 1919లో ఠాగూరు జనగణమనను ఇంగ్లీషు చేసింది ఈ ఊళ్ళోనే, అనువాదం నీళ్ళలోనే ఉన్నట్టుంది. ఒకటి కాదు సామీ. నూనె చెక్కలోకి ఇంకుతుంది, గీత పడితే ఆ చోట మళ్ళీ రుద్దుకోవచ్చు. రెండోది పైన అద్దంలా నిలుస్తుంది, ఒక్క గీత పడితే గదంతా మళ్ళీ గీకాల్సిందే. పట్టుబట్టి నూనే తెచ్చుకున్నారనుకోండి, తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలకు విసిరేయండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, గుట్టగా ఉంటే దానంతటదే అంటుకుంటుంది. భోగి కోసం జనవరి దాకా ఆగక్కర్లేదు. పిరికివాళ్ళు గుడ్డల్ని విడివిడిగా ఆరేస్తారు, లేదా నీళ్ళలో ముంచుతారు.

తర్వాతి పోషణ మా పెద్దమ్మ చెప్పింది: పుంగనూరు ఆవు పేడతో అలకమని. ఆ ఆవు మూడడుగులు దాటదు, మేడమెట్లు కూడా ఎక్కుతుందేమో. లక్షలు పెట్టి కొనడమొక్కటే ఇబ్బంది. మట్టినేలకు పేడ మహా మంచిది. చెక్కకు పూస్తే తడి దిగుతుంది, వెనకాలే చెదలు దిగుతాయి. నీళ్ళు గుమ్మరించి కడగడమూ అంతే. బాగా పిండిన గుడ్డ చాలు, కాకపోతే దాంతో కడిగినట్టు అనిపించదు, అదొక్కటే లోటు.

కిటికీ పక్కన రెండు పలకలు మాత్రం మేం గీకలేదు. అవ్వ రోజూ అక్కడే కూచుని చెనిక్కాయలు వలిచేది. నల్లగా, నున్నగా, చెయ్యి పెడితే చల్లగా ఉంటాయి. పనయ్యాక బావమరిది మళ్ళీ వచ్చి, కొత్త మెరుపంతా దాటుకుని వాటి దగ్గరే నిలబడ్డాడు.

"ఇక్కడేం కొట్టించినావు బావా, ఇంత బాగొచ్చింది?"

"చెనిక్కాయలు" అన్నాను.

"నూనెనా? లీటరెంత?"